ఎక్కి దిగే హారం

27994681ని 441తో గుణించి చూడండి. క్యాలిక్యులేటర్ వద్దు, కాగితం మీద చేతితోనే. చివరి కూడిక పూర్తయ్యేసరికి 12345654321 వస్తుంది. ఒకటి నుంచి ఆరు దాకా మెట్లెక్కి అవే మెట్లు దిగిన సంఖ్య. ‘వికటకవి’ లాగా ఎటు నుంచి చదివినా ఒకటే.

ఈ లెక్క మహావీరాచార్యుడిది. రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో, సుమారు 850లో, ఆయన సంస్కృతంలో రాసిన ‘గణితసార సంగ్రహం’లో గుణకారం దగ్గర ఇలాంటివి వరసగా కనిపిస్తాయి. 139ని 109తో గుణిస్తే 15151. 142857143ని 7తో గుణిస్తే 1000000001. ఇలాంటి లబ్ధాలను ఆయన కంఠాభరణాలతో పోల్చాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో గణితం అంత పాతది.

మన లెక్కల్లో హారం అంటే భాగించేది కూడా. ఈ హారం గుట్టు దాన్ని భాగించేవాటిలోనే ఉంది. 441 అంటే 21 వర్గం. 27994681 అంటే 5291 వర్గం. 21ని 5291తో గుణిస్తే 111111. అంటే ఆచార్యుడు మనచేత కట్టించింది ఆరు ఒకట్ల వర్గం! ఆరు ఒకట్లను ఆరు ఒకట్లతో గుణించేటప్పుడు ఒక్కో వరస ఒక్కో స్థానం ఎడమకు జరుగుతుంది. కుడి చివరి నిలువు గడిలో ఒక ఒకటి, దాని పక్క గడిలో రెండు, నట్టనడుమ ఆరు. ఏ గడిలోనూ మొత్తం పదికి చేరదు కనుక పక్కకు మోసుకెళ్లేదేమీ ఉండదు. తొమ్మిది ఒకట్ల దాకా ఈ అందం నిలుస్తుంది, పదోదానితో చెదురుతుంది.

111111 ప్రధాన కారణాంకాలు 3, 7, 11, 13, 37. హారంలో ఒక్కొక్కటి రెండేసి సార్లు ఉంది కాబట్టి భాజకాలు 243. తనను మినహాయించి తక్కిన 242నీ కూడితే 13029870672, అసలు సంఖ్యనే మించిపోతుంది. ఈ కొలత గ్రీకులది, మహావీరుడిది కాదు. సరి సంఖ్యల్లో ఇలా మించేవి 12 నుంచే దొరుకుతాయి గానీ బేసి సంఖ్యల్లో మొదటిది 945. మరి 37ని పక్కన పెడితే? 3003 వర్గం 9018009 మిగులుతుంది. దాని తక్కిన భాజకాల మొత్తం 9017190. కేవలం 819 తక్కువ! ఆ కొరతను తీర్చి మిగులు తెచ్చింది 37 ఒక్కటే.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఆచార్యుడి ఎంపిక. ఆ అయిదు ప్రధాన సంఖ్యలనూ రెండు జట్లుగా 15 రకాలుగా విడదీయవచ్చు. 3నీ 37నీ ఒక జట్టు చేసి ఉంటే 12321ని 1002001తో గుణించమనేవాడు. రెండూ ముందే హారాలు, లెక్క మొదలుపెట్టకముందే జవాబు పసిగట్టవచ్చు. ఆయన 3నీ 7నీ ఒకవైపు ఉంచి, మిగతా మూడింటినీ మరోవైపు చేర్చాడు. 27994681 ముఖం చూసి లోపల ఏముందో ఏ శిష్యుడూ చెప్పలేడు.