మూడున్నర వాట్లకు సరిజోడు

పామర్రు సెంటర్లో ఏ కొట్టుకెళ్లి పాటల పెట్టె అడిగినా ముందు వినబడేది వాట్ల లెక్క. వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు. మూడున్నర వాట్ల వాల్వు యాంప్లిఫయర్‌తో హాలు నింపొచ్చంటే కొట్టువాడు నవ్వి ఇంకో బేరం చూసుకుంటాడు. కానీ గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా మన ఊళ్లలో ఏళ్ల తరబడి పెళ్లిళ్లకీ, కల్యాణాలకీ, తెల్లవార్లూ ఆడే పద్య నాటకాలకీ ఊరంతటికీ వినిపించింది ముప్పై, నలభై వాట్ల వాల్వు సెట్టే. జంటగా 807 వాల్వులు, పక్కన ఓ ట్రాన్స్‌ఫార్మరు, తాటిచెట్టుకో వేపచెట్టుకో కట్టిన గొట్టం మైకు. ఆ ఘనతలో వాట్ల వాటా కొంచెమే, మిగతాదంతా గొట్టానిది. తక్కువ వాట్ల వాల్వు యాంప్లిఫయర్ కొనాలని ముచ్చటపడేవాళ్లు ముందుగా మనసుపెట్టి చూడాల్సింది ఈ గొట్టం పనితనాన్నే.

పొలం అవతలి గట్టు మీదున్న మనిషిని పిలవాలంటే నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కేకేస్తాం. గొంతులో బలం పెరగదు, ఉన్న బలం వృథా కాదు. స్పీకర్లోనూ అదే చిక్కు. అట్టతో చేసిన మామూలు కోను గాలిని నెడుతుంది గానీ, గాలి మరీ తేలిక కావడంతో చాలా భాగం పక్కలకు జారిపోతుంది. ఇంట్లో వాడే స్పీకర్లలో చాలావాటికి, ఇచ్చిన కరెంటులో నూటికి ఒక వంతు శబ్దంగా మారడమే గొప్ప. మిగిలిందంతా కాయిల్ వేడి. కోను ముందు సన్నటి గొంతుతో మొదలై క్రమంగా విచ్చుకునే గొట్టం పెడితే గాలి ఎదురు నిలుస్తుంది, కోను తోసిన ప్రతి తోపూ లెక్కలోకొస్తుంది. మంచి గొట్టం, అంటే హారన్, నూటికి ఇరవై, ముప్పై వంతులు శబ్దంగా తిరిగిస్తుంది.

గొట్టం వెనక ఉండే యూనిట్ కాలిందని మైకు సెట్టాయన మూత విప్పుతుంటే పక్కన కూర్చుని చూస్తే, ఆ పనితనం కళ్లకు కడుతుంది. బరువంతా అయస్కాంతానిదే. దాని మధ్య మిల్లీమీటరు అటూ ఇటూగా ఉండే గుండ్రటి చీలిక. అందులో దేనికీ తగలకుండా వేలాడే కాయిల్, కాయిల్ నెత్తిన గిన్నెలా వంగిన పల్చటి డయాఫ్రమ్. డయాఫ్రమ్ మార్చేటప్పుడు కాయిల్ వెంట్రుక వాసి పక్కకు ఒరిగినా గరగర మొదలవుతుంది. అందుకే ఆయన స్క్రూలు ఒకేసారి బిగించడు. ఎదురెదురుగా ఒక్కో చుట్టు తిప్పుతూ మధ్యమధ్య పాట పెట్టి వింటాడు. డయాఫ్రమ్ ముందు ఇంకో ముక్క ఉంటుంది, కొత్తవాళ్లు పట్టించుకోనిది: ఫేజ్ ప్లగ్. డయాఫ్రమ్ అంచు నుంచి వచ్చే శబ్దం, నడిమి నుంచి వచ్చే శబ్దం గొంతు దగ్గరకు ఒకేసారి చేరాలి. లేకపోతే పైస్థాయిలో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఆ దారుల పొడవులు సరిచేయడానికే ఆ ప్లగ్గు.

ఈ కట్టడానికి పెద్ద ముత్తాత వెస్టర్న్ ఎలక్ట్రిక్ 555. బెల్ ప్రయోగశాలల్లో వెంటే, థురాస్ అనే ఇద్దరు ఇంజనీర్లు రూపకల్పన చేశారు. 1926లో శబ్దంతో ఆడిన ‘డాన్ జువాన్’ సినిమాతో అమెరికా థియేటర్లకెక్కింది. ఆ కాయిల్ మామూలు గుండ్రటి తీగ కాదు, అల్యూమినియం రిబ్బన్ను అంచు మీద నిలబెట్టి చుట్టింది. తీగల మధ్య గాలి సందులు మిగలవు కనుక ఉన్న కాస్త చీలికలో ఎక్కువ లోహం పడుతుంది, బరువూ తగ్గుతుంది. కొద్ది వాట్ల యాంప్లిఫయర్లతో వందల మంది కూర్చున్న హాళ్లకు వినిపించాలి కాబట్టి వాళ్లు ఆ పంతం పట్టారు. వాట్లు చవకయ్యాక అంత శ్రద్ధ ఎవరికీ అక్కర్లేకపోయింది. నా మటుకు స్పీకర్ల చరిత్రలో అంతకు మించిన పని మళ్లీ రాలేదు.

ఈ కథలో బందరు వాళ్లకూ ఓ పేజీ ఉంది. మచిలీపట్నంలో 1869లో పుట్టిన రఘుపతి వెంకయ్య, మద్రాసులో ఫొటో స్టూడియో నడుపుకుంటూ 1910 ప్రాంతంలో ముప్పై వేల రూపాయలు పోసి క్రోనో మెగాఫోన్ తెప్పించారు. బొమ్మ తెర మీద, మాట గ్రామఫోను రికార్డు మీద, రెండింటికీ జత కుదిర్చిన ఫ్రెంచి గోమోఁ కంపెనీ యంత్రం అది. అప్పటికి వాల్వుతో శబ్దం పెంచడం ఇంకా వాడుకలోకి రాలేదు. మరి హాలంతా ఎలా వినబడింది? రికార్డు మీది కదలికతో నొక్కుపెట్టిన గాలిని అదుపు చేసి, పెద్ద పెద్ద గొట్టాల్లోంచి వదిలేవారు. అంటే అసలు యాంప్లిఫయర్ వాట్ల మాటే లేని రోజుల్లో గొట్టాన్ని నమ్ముకుని మన బందరు ఆయన విక్టోరియా పబ్లిక్ హాల్లో జనాన్ని కూర్చోబెట్టారన్నమాట.

ఇక ఎంపిక సంగతి. అడగాల్సింది ఒక్కటే అంకె: ఒక వాటు ఇస్తే, మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్. దీన్నే సెన్సిటివిటీ అంటారు. మామూలు పెట్టెకు 87 ఉంటే మంచి హారన్‌కు 104 ఉంటుంది. తేడా 17 అంటే చిన్నదిగా కనబడుతుంది గానీ, వాట్లలో యాభై రెట్లు. 87 పెట్టెకు నూరు వాట్లు పోస్తే వచ్చే శబ్దం 104 హారన్‌కు రెండు వాట్లతోనే వచ్చేస్తుంది. 2ఏ3 వాల్వు ఒక్కటి ఇచ్చేది మూడున్నర వాట్లు. 1938లో వచ్చిన 300బి ఇచ్చేది ఏడెనిమిది. బెంగళూరు బీఈఎల్ మన రేడియోలకు చేసిచ్చిన ఈఎల్84 ఒక్కటి అయిదు దాకా లాగుతుంది. ఇవేవీ 87 పెట్టెతో బతికి బట్టకట్టవు. తప్పెట మోగగానే గొంతు బొంగురుపోతుంది, నింద వాల్వు మీద పడుతుంది.

అయితే జాతర మైకు తెచ్చి ఇంట్లో పెట్టుకోమని కాదు. ఆ గొట్టం నాలుగైదు అడుగుల గాలి దారిని మూడు మడతలు పెట్టి చిన్న గుండ్రంలో ఇమిడ్చిన తెలివైన వస్తువు. వానకు తడిసినా, కాకి గూడు పెట్టినా పలుకుతుంది. కాకపోతే 200, 300 హెర్ట్జ్ దిగువన చేతులెత్తేస్తుంది. హారన్ ఎంత కిందికి దిగాలో అంత పెద్ద నోరు కావాలి. 100 హెర్ట్జ్ దాకా దిగాలంటే నోటి వ్యాసం మీటరు పైచిలుకు, 50 దాకా అంటే రెండు మీటర్లు దాటాలి. ఈ చిక్కు విప్పడంలోనే ఒక్కో కట్టడందారు ఒక్కో దారి పట్టాడు. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1946 నుంచి అమ్మిన క్లిప్ష్‌హార్న్‌లో గది మూలనే హారన్ నోరుగా వాడుకున్నాడు. లోపల మడతలు పడ్డ చెక్క దారి బయటికొచ్చి రెండు గోడల మధ్య పూర్తవుతుంది. అద్భుతమైన ఆలోచన, కానీ రెండు ఖాళీ మూలలు కావాలి. మన హాళ్లలో ఒక మూల బీరువా, ఇంకో మూల దేవుడి మందసం. ఆల్టెక్ వాళ్ల ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ పెట్టెలు ఎక్కడైనా నిలబడతాయి గానీ, మనిషి ఎత్తులో సగానికి మించి ఉంటాయి. మూడోది, ఒకే చిన్న కోను వెనక చెక్క మడతల హారన్ కట్టే పద్ధతి. మంచి వడ్రంగి ఉంటే ఊళ్లోనే చేయించుకోవచ్చు. దీని సెన్సిటివిటీ 95, 96 దగ్గర ఆగుతుంది కనుక 300బి అయినా ఉండాలి.

రేకు హారన్ కొనేటప్పుడు వేలి కణుపుతో తట్టి చూడండి. ఖంగుమంటే పాటలోనూ ఖంగుమంటుంది. వెనక వైపు తారు పట్టీయో మందపాటి ఫెల్టో అంటిస్తే నోరు మూస్తుంది. పాట ముక్కుతో పాడినట్టుంటే, ఆ హారన్‌ను దాని శక్తికి మించి కిందికి లాగుతున్నారని అర్థం. కింది స్వరాలు హారన్‌కు అందకుండా కోతపెట్టే ఫ్రీక్వెన్సీని పైకి జరపాలి.

హారన్ చెవి పదును యాంప్లిఫయర్‌కూ పరీక్షే. స్పీకర్ తీగల దగ్గర ఒక మిల్లీవోల్టు గుయ్యిమన్నా 105 డెసిబెల్ హారన్ ముందు అది 36 డెసిబెల్స్. రాత్రి నిశ్శబ్దంలో స్పష్టంగా వినబడుతుంది. 87 పెట్టెలో అదే గుయ్యి 18, ఎవరి చెవినా పడదు. అందుకే 2ఏ3, 300బి లాంటి వాల్వుల ఫిలమెంటుకు డీసీ ఇవ్వడమో, ఏసీ ఇస్తే హమ్ కనీసానికి దిగేలా సరిదిద్దడమో తప్పదు. మన కరెంటు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వేసవి మధ్యాహ్నం ఒక వోల్టేజీ, అర్ధరాత్రి మరొకటి. 300బి ఫిలమెంటు కోరేది కచ్చితంగా 5 వోల్టులు. ఎక్కువైతే ఆయుష్షు తగ్గుతుంది. స్టెబిలైజర్ లేకుండా ఖరీదైన వాల్వు పెట్టొద్దు.

ఇంత శ్రమ దేనికంటే, పద్యం కోసమే. బందరు హిందూ హైస్కూల్లో పాఠాలు చెప్పిన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి రాసిన ‘పాండవోద్యోగ విజయాల’ పద్యాలు ఈ డెల్టాలో పామరులకు కూడా నోటికొచ్చాయి. గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గొంతులో పద్యం వినండి. ముందు మాట స్ఫుటంగా విరుస్తారు, ఆఖర్లో రాగం తీస్తూ ఊపిరి ఎక్కడ తగ్గించారో తెలియకుండా సన్నగిలిపోతారు. మామూలు పెట్టెలో విరుపు మొద్దుబారుతుంది, ఆ సన్నదనం గదిలోనే కరిగిపోతుంది. తేలికైన డయాఫ్రమ్, వాటులో పదో వంతుతో పలికే హారన్ ఆ రెండింటినీ వదలదు. ఒకే వాల్వుతో పనిచేసే యాంప్లిఫయర్ చిన్న శబ్దాల దగ్గర అత్యంత శుభ్రంగా ఉంటుంది. హారన్ దాన్ని ఎప్పుడూ ఆ చిన్న శబ్దాల దగ్గరే ఉంచుతుంది. ఈ జత కుదరడానికి అసలు కారణం ఇదే, పాతకాలపు మోజు కాదు.

కాబట్టి డబ్బులో ముప్పాతిక హారన్‌కు పెట్టండి, యాంప్లిఫయర్ సంగతి తర్వాత. మీ ఊళ్లో మూతబడ్డ సినిమా హాలు సామాను తూకానికి అమ్ముతున్నారని తెలిస్తే ఒకసారి వెళ్లి తెర వెనక చూడండి. డయాఫ్రమ్ కాలిపోయి ఉన్నా పర్వాలేదు, అది మార్చుకోవచ్చు. అయస్కాంతం, ఫేజ్ ప్లగ్, గొట్టం చెక్కుచెదరకుండా ఉంటే చాలు, ఇనుప కొట్టుకు పోనివ్వకండి.