అలిశెట్టి ప్రభాకర్ కవిత్వము

క్షయతో కృశించిన కవి యనగానే, ఊపిరి చాలకనే ఈయన కవిత కురచయైనదని పాఠకునకు తోచుట సహజము. కాని గ్రంథముల కాలక్రమము దీని కొప్పదు.

జగిత్యాలలో 1954లో జన్మించిన ప్రభాకర్ మొదట చిత్రకారుడు. పత్రికలకు బొమ్మలు వేసి, పిదప ఛాయాగ్రహణమును జీవనోపాధిగా జేసికొనెను. ‘ఎర్ర పావురాలు’ 1978లోను, ‘చురకలు’ 1981లోను వెలువడినవి. హైదరాబాదున ‘చిత్రలేఖ’ స్టూడియో తెరచినది 1983లో. క్షయ ఈయనను క్రుంగదీసినది ఆ నగరవాసముననే. కావున ఈ క్లుప్తత రోగము పెట్టిన భిక్ష కాదు. గీతను ఎచ్చట ఆపవలెనో ఎరిగిన చేతి యలవాటది. దృశ్యమును నిలిపి కవి తప్పుకొనును. వ్యాఖ్యానము మనకు విడుచును.

ఆంధ్రజ్యోతి దినపత్రికలో సాగిన ‘సిటీ లైఫ్’ ఖండికలు కొన్ని చమత్కారముతోనే తృప్తిపడినవని మా యభిప్రాయము. దినపత్రిక తొందర యట్టిది. మేలైన వానిలో మాత్రము నగరము ఎముకలతో సహా కనబడును.

1993 జనవరి 12న, పుట్టినదినముననే, ఈయన మరణించెను. క్షయకు మందు లేని కాలము కాదది. స్ట్రెప్టోమైసిను 1943లోనే కనుగొనబడెను. మదనపల్లె చెంత ఆరోగ్యవరము చికిత్సాలయము అంతకంటె పాతది. మందుతోపాటు తిండియు, విశ్రాంతియు, అద్దె భయము లేని యిల్లును నెలల తరబడి కావలెను. పేదరికమున బ్రదికిన కవిని త్యాగమూర్తి యని పొగడువారు ఈ లెక్క వేయరు. మా నందివాడ వైపున పెండ్లి చెడునని క్షయ పేరు దాచు ఇండ్లు నేటికిని కలవు, వారును వేయరు.

‘సంక్షోభ గీతం’ 1990లోను, ‘సిటీ లైఫ్’ సంపుటము 1992లోను వచ్చినవి. వీనిని ‘చురకలు’ ప్రక్కన బెట్టి చదివినచో చేయి వణకిన జాడ మాకు కానరాలేదు.