రెండు వ్యాసాల లెక్క

‘మీ పరిశోధన వ్యాసం వారంలో అచ్చు, ఫీజు కడితే చాలు’ అని డాక్టర్లకు గాలం వేసే ప్రకటన మరొకటి ఈ వారం కంటబడి ఒళ్లు మండింది. నా పాత పాట ఈ కాలమ్ పాఠకులకు తెలిసిందే: లెక్క కోసం చేసే పని లెక్కకే మిగులుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ అసోసియేట్ కావాలంటే గుర్తింపు ఉన్న జర్నళ్లలో కనీసం రెండు వ్యాసాలుండాలని జాతీయ వైద్య కమిషన్ 2022లో నిబంధన పెట్టింది. ఆ ఏడాదే మహబూబాబాద్‌లో, మరుసటి ఏడాది జనగామ, భూపాలపల్లిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరుచుకున్నాయి. కొత్త కాలేజీలో ఓపీ చూస్తూ, పాఠాలు చెబుతూ వ్యాసాలు రాయడానికి తీరికేది? ఆ తీరిక లేకపోవడమే నకిలీ జర్నళ్లకు పెట్టుబడి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ సంస్థ తన జర్నళ్ల గురించి తప్పుదోవ పట్టించే మాటలు చెప్పిందని తేల్చి, 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని 2019లో అమెరికా కోర్టు ఆదేశించింది. ఇవన్నీ చూస్తే నిబంధన ఎత్తేస్తే పీడ విరగడవుతుందనిపిస్తుంది.

కానీ జొన్న అడ్డుపడుతుంది. పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని లోకం అనుకుంటున్న రోజుల్లో, జొన్న తినే పేదల్లోనూ అది కనిపించింది. ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అంటున్న హైదరాబాద్ ప్రయోగశాల నుంచి గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ జర్నల్‌లో జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం వైపు వేలు చూపారు. ఆ వాదంపై తర్వాత ఎన్ని సందేహాలొచ్చినా, మన కూలీల కంచం శాస్త్రం కంటికి ఆనింది. 1937లో నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ గురించి పరిశోధకులు రాసినదీ ఇలాంటిదే. అవి పెద్ద సంస్థల పనులు, జిల్లా డాక్టరుకు లాబ్ ఎక్కడిదంటారు. మొదటి మెట్టుకు లాబ్ అక్కర్లేదు. రోగి ఏ ఊరు, ఏం తింటాడు, ఏ నీళ్లు తాగుతాడు, ఏ పని చేస్తాడు అని అడిగి రాస్తే చాలు. భూపాలపల్లి బొగ్గు గనుల కార్మికుల దగ్గు, మహబూబాబాద్ మిర్చి చేన్లలో మందు కొట్టేవాళ్ల వాంతులు చూసిన డాక్టరు రాయకపోతే ఓపీ చీటీతోనే పోతాయి.

వరదల సంగతీ అంతే. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది, 2024 సెప్టెంబరులో మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలుపట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక ఏ జబ్బులొచ్చాయి, ఏ మందు ముందుగా అయిపోయింది అన్నది రాసి ఉంటేనే తర్వాతి వానకు పనికొస్తుంది. నెట్‌లో పెడితే శాశ్వతమనుకోవడం కూడా భ్రమే. 2000 నుంచి 2019 దాకా ఉచితంగా చదవగలిగే 174 జర్నళ్లు నెట్ నుంచే మాయమయ్యాయని పరిశోధకులు లెక్క తీశారు. కాలేజీ లైబ్రరీలో ఒక ప్రతి, బయట మరొకటి తప్పదు.

కాబట్టి నిబంధన ఉండాలి, దానికి ఒక షరతు తోడవ్వాలి. ప్రతి వ్యాసంతో పాటు ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు చదివే తెలుగు పేజీ ఒకటి జతచేయాలి. అది పరిశోధన ఎలా అవుతుందని పెద్దలు నవ్వవచ్చు. కాదు, నిజమే. కానీ దొంగ వ్యాసం బతికేది ఎవరూ చదవని చోటే. ఫలానా తండాలో రెండు వందల మందిని పరీక్షించామని తెలుగులో రాసి ఆ తండాకే పంపితే, ఎవరిని పరీక్షించారో చెప్పండని అక్కడివాళ్లే అడుగుతారు. ఫీజు తీసుకుని అచ్చేసే జర్నల్ ఆ ప్రశ్న అడగదు.