అంకెలను కంటికి చూపు విద్య

వ్యాపారపు లెక్కలు వ్రాయుట ప్రాచీన విద్య. వాటిని చిత్రముగా చూపుట మాత్రము అంత పాతది కాదు. 1786లో స్కాట్లండు దేశీయుడైన విలియం ప్లేఫేర్ వాణిజ్య పటముల గ్రంథమొకటి ప్రకటించి, ఎగుమతి దిగుమతుల హెచ్చుతగ్గులను గీతలతో చూపినాడు. స్కాట్లండు వర్తకమునకు పెక్కు సంవత్సరముల అంకెలు దొరకనందున, ఒక్క సంవత్సరపు అంకెలనే కమ్మీలుగా గీసినాడు. అంకెల కొరతనుండి పుట్టిన ఆ కమ్మీ చిత్రము నేడు ప్రతి హైస్కూలు విద్యార్థికిని తెలిసినదే.

నేడు విశ్వవిద్యాలయములలో వ్యాపార దత్తాంశ విశ్లేషణ ఒక ప్రత్యేక పాఠ్యవిషయమైనది. సేకరించిన అంకెలను, వివరములను దత్తాంశమందురు. వాటిని కూర్చుట, పరిశీలించుట, చిత్రముగా చూపుట అనునవి ఈ విద్యకు మూడు అంగములు. మూడవ అంగమునకు మూలగ్రంథమనదగినది అమెరికా దేశపు ఆచార్యుడు ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో వెలువరించిన ఆంగ్ల గ్రంథము, ‘ది విజువల్ డిస్‌ప్లే ఆఫ్ క్వాంటిటేటివ్ ఇన్ఫర్మేషన్’. అది విద్యార్థికి ఏమి ఇచ్చును, ఏమి ఇయ్యదు అనునది విచారింపదగినది.

ఈ గ్రంథము తరగతి గదిలో పుట్టినది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున పత్రికా రచయితలకు సాంఖ్యక శాస్త్రము బోధించుటకై టఫ్టీ సిద్ధపరచిన పాఠములు దీనికి మూలము. ప్రసిద్ధ సాంఖ్యక శాస్త్రవేత్త జాన్ టూకీతో కలిసి ఆయన అచట గోష్ఠులు నడిపినారు. చిత్రములు తాను కోరినట్లు ముద్రణ కావలెనని పట్టుపట్టి, ఇల్లు తాకట్టు పెట్టి, పుస్తకమును స్వయముగా ప్రచురించినారు.

చిత్రము లేక అంకెలను నమ్మరాదనుటకు ఆయన ఆన్స్‌కోంబ్ 1973లో కూర్చిన నాలుగు పట్టికలను చూపుదురు. ఒక్కొక్క పట్టికలో పదునొకండు జతల అంకెలున్నవి. నాల్గింటను మొదటి రాశి సగటు 9, రెండవ రాశి సగటు 7.5. నాల్గింటికిని సరిపోవు సరళరేఖ కూడ ఒక్కటే. కాని గ్రాఫు కాగితముపై బిందువులు పెట్టగానే నాలుగును నాలుగు రూపములు దాల్చును. ఒకటి గీతకు అటునిటు చెదరిన గుంపు. ఒకటి వంపు తిరిగిన రేఖ. మిగిలిన రెండింటను ఒక్క బిందువు విడిగా నిలిచి లెక్కనంతయు తనవైపు లాగుచున్నది. సగటుతోనే తృప్తిపడు వ్యాపారి ఈ నాల్గింటిని ఒక్కటిగానే భావించును.

గ్రంథమున మిక్కిలి ఉపయోగకరమైన భాగము ‘అబద్ధపు గుణకము’. చిత్రమున కనబడు పెరుగుదలను అంకెలలోని పెరుగుదలచే భాగించిన వచ్చునదే ఇది. నిజాయితీగల చిత్రమునకు ఇది ఒకటికి సమీపమున ఉండవలెను. కార్ల ఇంధన ప్రమాణమును గూర్చి 1978లో ఒక అమెరికా దినపత్రిక ప్రకటించిన చిత్రమును టఫ్టీ కొలిచినారు. అంకె 18 మైళ్ల నుండి 27.5 మైళ్లకు, అనగా 53 శాతము పెరుగగా, గీత పొడవు 783 శాతము పెరిగినది. గుణకము 14.8.

ఈ లెక్క ఏ తరగతిలోనైనను చేయవచ్చును. ఒక దుకాణపు అమ్మకము మొదటి నెల 98 వేలు, రెండవ నెల 102 వేలు అనుకొందురు గాక. నిజమైన పెరుగుదల నాలుగు శాతము. నిలువు కొలతను సున్నతో గాక 95తో ప్రారంభించినచో కమ్మీల ఎత్తులు 3, 7 అగును. రెండవ కమ్మీ మొదటిదానికి రెట్టింపుకంటె పొడవుగా కనబడును. అంకె ఒక్కటియు మారలేదు, కాని చూచువాడు మోసపోయినాడు. ఇట్టి చిత్రమును నమ్మి సరకు అధికముగా తెప్పించిన వర్తకుడు నష్టపడును. తగ్గుదలను ఇట్లే పెద్దదిగా చూపినచో గుమాస్తా కొలువే పోవచ్చును.

ఇంతవరకు గ్రంథము ప్రశంసార్హము. లోపమున్నది మరొకచోట. అంకెను తెలుపని ప్రతి సిరా చుక్కను వీలైనంతవరకు చెరిపివేయవలెనని టఫ్టీ శాసించినారు. గడులు, అలంకారములు, తుదకు కమ్మీల అంచులు కూడ ఈ వేటుకు గురియైనవి. అట్లు చెరిపిన చిత్రమును చదువరి మేలుగా గ్రహించునా? గ్రంథము దీనికి సమాధానముగా ఉదాహరణములు చూపును గాని ప్రయోగములు చూపదు. తీర్పు చెప్పినది రచయిత కన్నే.

ప్రయోగములు తరువాత వచ్చినవి. 1984లో క్లీవ్లండ్, మక్‌గిల్ అనువారు చదువరులను పరీక్షించి, ఒకే కొలబద్దపై స్థానములను పోల్చుట మిక్కిలి సులువనియు, కోణములను, వైశాల్యములను పోల్చుటలో పొరపాట్లు హెచ్చనియు చూపినారు. వృత్తచిత్రముకంటె కమ్మీ చిత్రము మేలనుటకు ఇది ఆధారము. ఇది టఫ్టీ అభిరుచిని బలపరచినది. కాని 2010లో కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయమున ఇరువదిమందిపై జరిగిన ప్రయోగము వేరొక మాట చెప్పినది. బొమ్మలతో అలంకరించిన చిత్రములను వారు సాదా చిత్రములవలెనే సరిగా చదివినారు; రెండు మూడు వారముల తరువాత వాటినే మేలుగా జ్ఞాపకముంచుకొన్నారు. ఇరువదిమందితో విషయము తేలిపోదు. అయినను, చెరిపివేయుటయే సర్వత్ర ధర్మమనుట తొందరపాటని తేలినది.

కంప్యూటరు నేడు క్షణములో చిత్రము గీయును. కొలత ఎక్కడ మొదలిడవలెనో తేల్చవలసినది విద్యార్థియే. అందుకు టఫ్టీ గ్రంథము మంచి గురువు, కాని తుది న్యాయాధిపతి కాదు. ఉపాధ్యాయులు ఒకే పట్టికను రెండు విధములుగా నల్లబల్లపై గీసి, ఏ చిత్రమును ఎందరు సరిగా చదివిరో లెక్కించినచో, గ్రంథమున కొరవడిన ప్రయోగము తరగతిలోనే జరుగును. చిత్రము బాగున్నదో లేదో చెప్పవలసినవాడు గీసినవాడు కాడు, చదివినవాడు.