సుషీ కౌంటర్ అవతలి మనిషి

టోక్యోలో సుషీ తింటే కౌంటర్ ముందు కూర్చునే తినాలి. వేడి తడి తువ్వాలుతో మనం చేతులు తుడుచుకునేలోగా అవతలి వంటాయన మన వాటం కనిపెట్టేస్తాడు. ఎడమచేతివాళ్లకైతే ముద్ద అటు తిరిగి వస్తుంది. వెనిగర్ కలిపిన అన్నం ఒంటి వెచ్చదనంలోనే ఉంటుంది. వేళ్లు తడిచేసుకుని, కాస్త వసాబి రాసిన చేపముక్కతో దాన్ని నాలుగు నొక్కుల్లో కూర్చేస్తాడు. చేతిలో చెదరదు, నోట్లో ఇట్టే విడిపోతుంది. సోయా సాస్ కూడా తనే కుంచెతో పూస్తాడు. మళ్లీ గిన్నెలో ముంచామా, ఆయన లెక్కంతా తప్పించినట్టే! టోక్యోలోని గింజా పేటలో పేరుమోసిన జిరో ఓనో కౌంటర్‌కు ఉన్నవి 10 కుర్చీలే. అంతకు మించితే ఇలా కనిపెట్టుకుని వడ్డించడం ఎవరి తరం? పచ్చి చేపంటే జంకేవాళ్లు తీపి గుడ్డట్టు తమాగోతో మొదలెట్టొచ్చు. టిప్పు మాత్రం ఇవ్వబోకండి, అక్కడ ఆ అలవాటు లేదు.