ముప్పై ఆరు చూపులు

మూడో గంట మోగింది. హాల్లో దీపాలు వరుసలు వరుసలుగా ఆరిపోయాయి. తెర ఇంకా లేవలేదు. వెనక ఎవరో మంచం జరిపిన చప్పుడు, ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు. ముందు వరుసలో న్యాయనిర్ణేతల బల్ల మీద మాత్రం చిన్న దీపం, దాని కింద మార్కుల కాగితాలు. ఆ రోజుకు అది నాలుగో నాటిక. అయినా ఆ చీకట్లో నా గుండె మొదటి నాటికకు కొట్టుకున్నట్టే కొట్టుకుంది. నాటిక పోటీలంటే నాకున్న మోహమంతా ఆ పదిహేను క్షణాల చీకట్లో ఉంది.

మాది తూప్రాన్. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. మా చుట్టుపక్కల పల్లెల్లో ఆట అంటే ముందు గుర్తొచ్చేది బాగోతం. దాన్ని ఆడే చిందువాళ్ళు వస్తే పొద్దు గూకాక మొదలైన మద్దెల కోడి కూసేదాకా ఆగేది కాదు. ముఖానికి అర్దళం రంగు, భుజాలకు భుజకీర్తులు, నెత్తిన కిరీటం. వేషం కట్టడానికే గంటలు పట్టేది. ఆ ఆటలు ఆడి ముసలివాడైన ఒకాయనతో ఓసారి పోటీల సంగతి చెబుతూ, "మొత్తం ఆట గంటలోపే అయిపోవాలె తాతా" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "గంటల ఏమైతది బిడ్డా? మొఖానికేసిన రంగే ఆరదు గద!" అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా నేను నాటికలు చూస్తున్నది ఆయన ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికేనేమో.

బాగోతానికి రాత్రంతా ఉంది. పాత్ర తెర పట్టించుకుని, దరువు వేసి, తానెవరో తానే చెప్పుకుని, ఊరి పెద్దల్ని పలకరించి, తీరిగ్గా కథలోకి దిగుతుంది. నాటికకు ఆ వెసులుబాటు లేదు. తెర లేచిన రెండు మూడు నిమిషాల్లో ఇది ఎవరి ఇల్లు, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఇవాళే ఏం ముంచుకొచ్చింది అన్నీ తెలిసిపోవాలి, చెప్పినట్టు మాత్రం ఉండకూడదు. అందుకే మంచి నాటికలో మాటల కంటే ముందు వస్తువులు మాట్లాడతాయి. గోడకు దండ వేసిన ఫోటో. మూలన సర్దిపెట్టిన సూట్‌కేసు. తాగకుండా చల్లారిపోయిన టీ గ్లాసు. ఈ మూడూ కనిపిస్తే చాలు, ఈ ఇంట్లో ఎవరో పోయారు, ఎవరో పోబోతున్నారు, ఎవరికో ఆ సంగతి మింగుడుపడటం లేదు అని ప్రేక్షకుడు అల్లుకుంటాడు. ఒక్క మాట పలక్కుండానే కథలో సగం మన చేత రాయించుకునే ఆ నేర్పు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

నాటిక అన్న మాటదీ ఒక కథే. సంస్కృతంలో నాటిక అంటే నాలుగంకాల రూపకం, హర్షుడి 'రత్నావళి' లాంటిది. తెలుగులోకి వచ్చాక అది ఒక్క అంకానికి కుదించుకుపోయింది. అలాగని ఏకాంకం మనకు కొత్త సరుకేం కాదు. భాణం, వ్యాయోగం, వీథి, ఉత్సృష్టికాంకం, ఇవన్నీ ఒకే అంకంలో ముగిసేవే. ఇంగ్లీషు చదువుల వెంట ఆధునిక ఏకాంకిక వచ్చాక ముద్దుకృష్ణ 'టీకప్పులో తుఫాను' రాశాడు. పి.వి. రాజమన్నార్ 'ఏమి మగవాళ్ళు' రాశాడు. తర్వాతి కాలంలో మద్రాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయిన మనిషి ఆయన. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఆ తర్వాత ఊరూరా పరిషత్తులు వెలిశాయి. గుంటూరు, కృష్ణా, ప్రకాశం, గోదావరి జిల్లాల్లో చిన్న చిన్న ఊళ్ళు సైతం ఏటా పందిళ్ళు వేసి పోటీలు పెట్టాయి. 'పరిషత్తు నాటకం' అన్న పేరే ఒక శైలికి గుర్తయింది. 1998 నుంచి ప్రభుత్వం తరఫున నంది నాటకోత్సవాలు తోడయ్యాయి. తెలంగాణ వైపు అంత గుబురుగా పరిషత్తులు లేవు, అది మా లోటే. మేము హైదరాబాదు రవీంద్రభారతికో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభకో బస్సెక్కాలి.

ఆడేది ఎవరు? బ్యాంకు గుమాస్తా, ఆర్టీసీ కండక్టరు, కరెంటాఫీసు ఉద్యోగి, బడిపంతులు. ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' నాటకం రాసినప్పుడు చాలీచాలని జీతపు గుమాస్తా బతుకును రంగస్థలం మీదకు తెచ్చాడు. దాన్ని ఊరూరా ఆడిందీ అలాంటి గుమాస్తాలే. పొద్దంతా ఆఫీసులో ఫైలు మోసిన చేయి రాత్రి రిహార్సల్‌లో అదే ఫైలును మోస్తుంటే, ఆ చేతికి అభినయం వేరే నేర్పాలా? ఔత్సాహికుల నటనలో నాకు నచ్చేది ఈ అరువు తెచ్చుకోని బరువు. నిజంగా అలసిపోయిన మనిషి కుర్చీలో కూర్చునే తీరు ఒకటుంటుంది. ముందు అరచేత్తో కుర్చీ చేతిని తడుముతాడు, అప్పుడు ఒళ్ళు దించుతాడు. నటన చదువుకున్నవాళ్ళలో ఎందరో తేలేని చిన్న సంగతి అది.

చూసిన నాటికలన్నిటిలో నన్ను ఇప్పటికీ వదలనిది గొల్లపూడి మారుతీరావు 'కళ్ళు'. 1988లో ఎం.వి. రఘు దీన్ని సినిమాగా తీశాడు, చాలామందికి అలాగే తెలుసు. రంగస్థలం మీద దాని దెబ్బ వేరు. అడుక్కుని బతికే కొందరు గుడ్డివాళ్ళు, ఒకరికొకరు ఆసరా. వాళ్ళలో ఒకడికి చూపు వస్తుంది. చూపు వచ్చినవాడు మిగతావాళ్ళకు దారి చూపాలి కదా. వాడు పెత్తనానికి దిగుతాడు. ఆపైన ఏమవుతుందో చూడనివాళ్ళకు చెప్పి పాడుచేయను.

భరతుడు నాట్యశాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో దృష్టులను లెక్కపెట్టాడు. రసదృష్టులు 8, స్థాయిదృష్టులు 8, సంచారి దృష్టులు 20, మొత్తం 36. మన నటనా సంప్రదాయమంతా కంటిమీద నిలబడింది. ఇప్పుడీ నాటిక ఏం చేసింది? నటుల చేతుల్లోంచి ఆ 36 చూపులనూ ఒక్క దెబ్బకు లాగేసుకుంది. ఇక మిగిలిందేమిటి? మెడ. చెవి. పాదం. కర్ర పట్టిన వేళ్ళు.

నేను చూసిన ప్రదర్శనలో, ఒక చిన్న ఊరి నాటక సమాజం వాళ్ళది, తెర లేచేసరికి వేదిక మీద అందరూ కూర్చుని ఉన్నారు. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. బయట ఎక్కడో సత్తు గిన్నెలో నాణెం పడిన చప్పుడు. అన్ని మెడలూ ఒకేసారి అటు తిరిగాయి. మొహాలు కాదు, మెడలు. మొహం తిరగడమంటే చూడటానికి. మెడ తిరగడమంటే చెవి ఒగ్గడానికి. ఆ తేడా తెలిసిన దర్శకుడు చేసిన పని అది. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. నేను కూడా తెలియకుండానే తల అటు వంచాను. చూపున్న మూడు వందల మంది ఒక్క నాణెపు చప్పుడుతో గుడ్డివాళ్ళయిపోయారు.

ఆ తర్వాత చూపు వచ్చిన ఘట్టం. ఆ పాత్రధారి పరుగెత్తలేదు, కేకలు పెట్టలేదు, కుప్పిగంతులు వేయలేదు. ముందు తన అరచేయిని చూసుకున్నాడు. తిప్పి వెనక వైపు చూసుకున్నాడు. కర్రను చూశాడు. ఇన్నాళ్ళూ దారి చూపిన కర్ర ఇంత సన్నంగా, ఇంత వంకరగా ఉందా అన్నట్టు దాన్ని దూరంగా పట్టుకున్నాడు. అప్పుడు మెల్లగా తల ఎత్తి తనవాళ్ళను చూశాడు. ఆ చూపులో సంతోషం కోసం నేను వెతికాను. ఉంది, మొదట ఉంది. వెనువెంటనే దాని అడుగున ఇంకొకటి కదిలింది. వీళ్ళకు నేను కనపడను అన్న ఎరుక. వాళ్ళ మొహాల మీంచి చినిగిన బట్టల మీదకు, బట్టల మీంచి వాళ్ళ ముందున్న గిన్నెల మీదకు జారిన ఆ చూపు పట్టుమని నాలుగు క్షణాలు కూడా లేదు. ద్రోహం అక్కడే పుట్టింది, ఒక్క మాట లేకుండా. అంతసేపూ కళ్ళకు ఉపవాసం పెట్టి, ఆకలి పెంచి, అప్పుడు వడ్డించాడు నటుడు. 36 చూపుల్లో అది ఎన్నోదో నాకు తెలియదు, ఏ పట్టికలోనూ ఉండదనే నా నమ్మకం.

గంటలో ఏమవుతుందంటే ఇదవుతుంది తాతా అని ఆ రాత్రి మనసులోనే చెప్పుకున్నాను.

తిరుగు బస్సులో నాకు భాసుడి 'ఊరుభంగం' గుర్తొచ్చింది. అదీ ఒక్క అంకమే. తొడలు విరిగి దుర్యోధనుడు నేలమీద పడి ఉంటాడు. గుడ్డి తండ్రి ధృతరాష్ట్రుడు, కళ్ళకు గంతలు కట్టుకున్న తల్లి గాంధారి అతణ్ణి వెతుక్కుంటూ వస్తారు. కొడుకు దుర్జయుడు ఎప్పటిలాగే తండ్రి తొడమీద కూర్చోబోతాడు. కూర్చోనివ్వలేని తండ్రి. భారత యుద్ధమంతా, పద్దెనిమిది రోజులూ, లక్షల చావులూ ఒక పసివాడు కూర్చోబోయి కూర్చోలేకపోయిన ఆ జానెడు చోటులోకి ఒదిగిపోతాయి. ఏకాంకం బలం అక్కడుంది. పెద్ద నాటకం యుద్ధాన్ని చూపిస్తుంది, ఏకాంకం తొడను చూపిస్తుంది. భాసుడికి తెలిసిన ఈ కిటుకే మన పరిషత్తు రచయితల్లో మంచివాళ్ళకూ తెలుసు. గణేష్ పాత్రో 'కొడుకు పుట్టాల' అన్ని వేదికలెక్కి అన్నేళ్ళు బతికిందంటే, ఒక సంసారపు గుమ్మంలోంచి దేశాన్ని చూపించగలిగింది కనకే.

నటీమణుల గురించి చెప్పకుండా ఉండలేను. చాలా సమాజాల్లో ఆడపాత్రలకు బయటి నుంచి నటీమణుల్ని పిలుచుకుంటారు. సురభి నాటక కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళూ వీళ్ళలో ఎందరో. ఒకే పోటీల్లో ఒకావిడే రెండు మూడు సమాజాల తరఫున ఆడుతుంది. సాయంత్రం ఆరింటికి కోడలు, ఎనిమిదిన్నరకు తల్లి. మధ్యలో గ్రీన్‌రూములో గంటా గంటన్నర. జుట్టుకు తెల్లరంగు, చీర మార్పు, కొత్త సంభాషణలు, కొత్త అత్తామామలు. ఒకసారి అలా వచ్చిన తల్లి పాత్ర, కొంగుతో మెడ తుడుచుకున్న పద్ధతి చూశాను. అంతకుముందు కోడలు కూడా కొంగుతోనే తుడుచుకుంది, కానీ కోడలు చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు గబుక్కున తుడుచుకుంది. తల్లి చూసేవాళ్ళు లేరన్న నిశ్చింతతో, చూసేవాళ్ళు లేరన్న దిగులుతో నింపాదిగా తుడుచుకుంది. మధ్యలో గడిచిన ముప్పై ఏళ్ళూ ఆ కొంగులో కనిపించాయి. ఉత్తమ నటి జ్ఞాపిక పుచ్చుకునేటప్పుడు ఆవిడ ఏ పాత్రకు పుచ్చుకుందో ఆవిడకే గుర్తుండదేమో.

లోపాలు లేవని కాదు. ఇంత ప్రేమించే చోట దాచడమెందుకు? మూడింట ఒకటి వృద్ధాశ్రమం కథ, కన్నవాళ్ళను వదిలేసిన కొడుకులు, చివర్లో తండ్రి ఉపన్యాసం. కన్నీళ్ళు పోటీకి దిగితే కరుణ చచ్చిపోతుంది. వేలాడే మైకులకు అందాలని గొంతు పెంచి పెంచి, గుసగుసను కూడా అరుపు చేస్తారు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ముగింపులో ప్రేక్షకుల వైపు తిరిగి సందేశం అప్పజెప్పడం. అప్పటిదాకా మనల్ని పెద్దవాళ్ళుగా చూసిన నాటిక ఒక్కసారిగా మనల్ని బడిపిల్లల్ని చేసేస్తుంది. ఇలాంటప్పుడు బహుమతి ఇవ్వకుండా ఆగినవాళ్ళూ ఉన్నారు. పుణెలో 1963 నుంచి కాలేజీ పిల్లలకు పురుషోత్తమ కరండక్ అని మరాఠీ ఏకాంకికల పోటీ జరుగుతుంది. తగిన ప్రదర్శన లేదని 2022లో అక్కడి న్యాయనిర్ణేతలు కరండకాన్ని ఎవరికీ ఇవ్వలేదు. చాలామందికి కోపమొచ్చింది. నాకు మాత్రం అది నాటకం మీద గౌరవంగానే తోచింది. బహుమతి ఇవ్వకపోవడం కూడా ఒక రసవిమర్శే.

ఆ 'కళ్ళు' రోజున తెర పడ్డాక పది నిమిషాల్లో వేదిక ఖాళీ అయింది. అట్టగోడలను ఇద్దరు నెత్తిన పెట్టుకుని పోయారు. తర్వాతి సమాజం వాళ్ళు తమ తలుపు, తమ కిటికీ, తమ దేవుడి పటం మోసుకొచ్చారు. నేను చివరి బస్సు తప్పిపోతుందేమోనని వాచీ చూసుకుంటుంటే నా పక్క కుర్చీలోకి ఎవరో వచ్చి కూర్చున్నారు. రంగు సగమే తుడుచుకున్న మొహం, మోకాళ్ళ మధ్య ఆ వంకర కర్ర. చూపు వచ్చినవాడి వేషం వేసిన మనిషే. బాగా చేశారని చెప్పబోయాను. ఆయన నన్ను చూడలేదు. మూడో గంట మోగింది. చీకట్లో కళ్ళు పెద్దవి చేసుకుని, ఇంకా లేవని తెర వైపు చూస్తూ కూర్చున్నాడు.