గూస్‌నెక్ బేరం

టెక్సాస్‌లో పికప్ ట్రక్కుతో కిరాయికి సరుకు తోలే హాట్‌షాట్ డ్రైవర్ గూస్‌నెక్ ట్రైలర్ బేరమాడుతుంటే చూడాలి, ముచ్చటేస్తుంది. రంగు జోలికే పోడు. వెల్లకిలా పడుకుని ఇరుసుల కిందికి దూరి, వెల్డింగు అతుకుల వెంట వేలు పోనిస్తాడు. ట్రైలర్ బరువులో దాదాపు ఐదోవంతు నుంచి నాలుగోవంతు దాకా ట్రక్కు తొట్టిలో దాన్ని తగిలించే బంతి మీద పడాలి. ఆ బంతి ట్రక్కు వెనక ఇరుసుకు దగ్గర్లోనే ఉండబట్టి బండి అటూ ఇటూ ఊగడం తక్కువ. 40 అడుగులదైతే లోడ్లు ఎక్కువ దొరుకుతాయి, నిజమే. కానీ ట్రక్కు, ట్రైలర్ రెండింటి బరువు రేటింగు కలిపి 26,000 పౌండ్లు దాటి, అందులో ట్రైలర్‌ది 10,000 మించితే కమర్షియల్ లైసెన్సు కావాలి. ఆ లెక్కలో ఖాళీ ట్రైలర్ ఇనుము ఎంత బరువుంటే అంత కిరాయి పోయినట్టే. అందుకే ముందు దాని బరువు అడుగుతాడు. అమ్మేవాడేమో ఎల్‌ఈడీ లైట్ల దగ్గరే ఆగిపోయుంటాడు, పాపం.